మర్యాద అనే హద్దు: తెలుగు బాలశిక్షణలో నడవడి పాఠాల పరిణామం

ఉపోద్ఘాతం

‘మర్యాద’ అనే సంస్కృత పదానికి హద్దు, పొలిమేర, చెలియలికట్ట అనే అర్థాలున్నాయి. తెలుగు వాడుకలో ఆ పదం మన్నన, గౌరవం అనే అర్థాలలో స్థిరపడింది. అయితే పిల్లలకు మర్యాద నేర్పే సందర్భంలో మూలార్థం నేటికీ సజీవంగానే ఉంది. పెద్దల ముందు ఎలా కూర్చోవాలి, ఎవరిని పేరు పెట్టి పిలవరాదు, నలుగురు మాట్లాడుకునే చోట ఎప్పుడు నోరు విప్పాలి అనేవన్నీ హద్దుల పాఠాలే. ఈ హద్దును ఎవరు గీశారు, దాని లోపల ఎవరికి చోటు దక్కింది అనే ప్రశ్నలతో శతకం, వాచకం, నాటకం, రేడియో అనే నాలుగు మాధ్యమాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కందపద్యం: ఇంటి బడి

తెలుగు పిల్లలకు నడవడి నేర్పిన తొలి పాఠ్యాలలో సుమతీ శతకం ముఖ్యమైనది. దీని కర్తృత్వాన్ని బద్దెనకు ఆపాదించడంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. కందం చిన్న ఛందస్సు. ద్వితీయాక్షర ప్రాస ధారణకు తోడ్పడుతుంది. ‘సుమతీ’ అనే మకుటం బాలుణ్ణి మంచి బుద్ధి గలవాడా అని పిలుస్తుంది. నేర్వవలసిన గుణాన్ని ముందే ఉన్నట్లు భావించి సంబోధించడం ఈ శతకం పాటించిన బోధనా మార్గం. వీధిబడిలో పద్యం ముందు నోటికి వచ్చేది, అర్థం ఆ తరువాత తెలిసేది. పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఇంట్లో పెద్దవారు ఆ పద్యంలో సగం చదివితే చాలు, మందలింపు పూర్తయ్యేది.

సందర్భానికి తగిన మాట గురించి చెప్పే పద్యం ఇక్కడ గమనింపదగింది. ఎదుటివారి మనసు నొప్పించరాదనడంతో ఆ పద్యం ఆగదు. మాట్లాడేవాడు కూడా నొచ్చుకోని మార్గం వెతుక్కోవాలంటుంది. మర్యాదలో ఆత్మరక్షణకు చోటిచ్చిన అరుదైన బోధ ఇది. అదే శతకంలో స్త్రీలను, కొన్ని కులాలను కించపరిచే పద్యాలూ ఉన్నాయి. పిల్లల కోసం కూర్చిన సంకలనాలు సాధారణంగా వాటిని విడిచిపెడతాయి. ఏ పద్యం పాఠంగా నిలిచింది, ఏది జారిపోయింది అన్నదే సమాజం తన హద్దును తిరిగి గీసుకున్న తీరుకు సాక్ష్యం.

కుమారుడు, కుమారి

హద్దు లింగభేదాన్ని బట్టి మారిన తీరు రెండు శతకాలలో స్పష్టంగా కనిపిస్తుంది. కుమార శతకం ఫక్కి అప్పల నర్సయ్య పేరనూ, కుమారీ శతకం ఫక్కి వేంకట నరసింహ కవి పేరనూ ప్రచారంలో ఉన్నాయి. రెండూ కందాలలోనే సాగినా ఊహించుకున్న లోకాలు వేరు. కుమారునికి చెప్పిన నీతులు గురువు దగ్గరకు, పెద్దల సభకు, కొలువుకు వెళ్తాయి. నమ్మి పని అప్పగించిన యజమానిని మోసగించరాదనే హితవు అందులో ఉంది. కుమారికి చెప్పిన నీతులలో అత్తవారిల్లు ప్రధానం. భర్త, అత్తమామలు, ఆడపడుచుల మధ్య మెలగవలసిన తీరే అక్కడ ముఖ్య విషయం. బాలుని మర్యాద అతణ్ణి లోకంలోకి నడిపిస్తే, బాలిక మర్యాద ఆమెను మరో గడపకు సిద్ధం చేస్తుంది. పుట్టింట్లో ఉన్న పిల్ల ఇంకా చూడని ఇంటి హద్దులను ముందే కంఠస్థం చేయవలసి వచ్చింది.

అచ్చుపుస్తకంలో నీతి

1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక చట్రకథలోనే తల్లిదండ్రుల ఆందోళన ఉంది. కుమారుల తీరుకు చింతించిన రాజు వారిని విష్ణుశర్మకు అప్పగిస్తాడు. శిక్షణ ఇల్లు దాటి గురువు చేతికి వెళ్తుంది. బోధ కూడా ఆజ్ఞారూపం విడిచి కథారూపం దాలుస్తుంది. దుష్టుని మాట నమ్మితే ఏమవుతుందో పాత్రల గతే చెబుతుంది.

బాలశిక్ష, ఆ పిమ్మట పెద్దబాలశిక్ష మరో మార్పు తెచ్చాయి. అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు, వారాలు, రాశులతో పాటు చిన్న నీతివాక్యాలూ ఒకే పుస్తకంలో చేరాయి. సంబోధన తగ్గి, సర్వసాధారణ సూత్రం ముందుకు వచ్చింది. సూత్రం అందరిదీ అయినా బడి అందరిదీ కాలేదు. ఆడపిల్లల్లో అత్యధికులు, అస్పృశ్యులుగా వెలివేయబడిన కులాల పిల్లలు చాలాకాలం ఆ పుస్తకానికి దూరంగానే ఉండిపోయారు.

నాగరికత వేషం

గురజాడ అప్పారావు కన్యాశుల్కం (తొలి ప్రదర్శన 1892, మలి కూర్పు 1909) ఈ చరిత్రకు వ్యంగ్య వ్యాఖ్యానం. గిరీశం శిష్యుడు వెంకటేశానికి చదువు కంటే చుట్ట కాల్చడం ముందుగా అబ్బుతుంది. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని తల్లి ముచ్చటపడినప్పుడు గురుశిష్యులిద్దరూ పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు వల్లిస్తారు, ఆమె మురిసిపోతుంది. తల్లి అమాయకత్వం ఇక్కడ పరిహాసానికి పైపై లక్ష్యం మాత్రమే. నడవడి స్థానంలో నాగరికత చిహ్నాలు చేరినప్పుడు పరీక్షించే శక్తి ఇంటికి ఉండదన్నది గురజాడ చూపిన అసలు ప్రమాదం.

అన్నయ్య, అక్కయ్య

మద్రాసు రేడియో కేంద్రం 1938లో ప్రారంభమైంది. అక్కడి తెలుగు పిల్లల కార్యక్రమాల ద్వారా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’లుగా ప్రసిద్ధులయ్యారు. 1945లో వారు ‘బాల’ పత్రికను ప్రారంభించారు. ఆ పిలుపులు ఈ చరిత్రలో కీలకమైన మలుపు. ఇంటిలోని వరుస బహిరంగ స్థలానికి వచ్చింది. శాసించే తాత, తండ్రి, గురువుల స్థానంలో కాస్త ముందు పుట్టిన తోబుట్టువు నిలిచారు. ఒకరినొకరు ఎరుగని పిల్లలు ఒకే అన్నయ్యకు తమ్ముళ్లూ చెల్లెళ్లూ అయ్యారు. కులం, ఊరు అడగని వరుస అది.

పిలుపులోని వివక్ష

మర్యాదకు తొలి పరీక్ష సర్వనామంలోనే జరుగుతుంది. కోస్తా మండలాలలో ‘మీరు’, ‘అండీ’ లేని మాట పెద్దల పట్ల నిర్లక్ష్యంగా తోస్తుంది. తెలంగాణ, రాయలసీమ పల్లెలలో ‘నువ్వు’ అంటూనే పెద్దవారిని గౌరవించే అలవాటు విస్తారంగా ఉంది. అక్కడ గౌరవం ‘పెద్దనాయనా’, ‘అవ్వా’, ‘మామా’ వంటి వరుసలో ఉంటుంది. పాఠశాల ఒక ప్రాంతపు రూపాన్నే ప్రమాణం చేసినప్పుడు, ఇంట్లో చక్కగా నేర్చుకుని వచ్చిన బిడ్డ తరగతిలో మర్యాద తెలియనివాడవుతాడు.

దీనికి విపర్యయమూ ఉంది. వరుసలు పెట్టి పిలుచుకునే పల్లెల్లోనే, అగ్రకులాల పిల్లలు తాత వయసున్న దళితుణ్ణి ‘ఒరే’ అని పిలవడం చాలాకాలం తప్పుగా ఎంచబడలేదు. ఆ పిల్లలకు మర్యాద నేర్పలేదనడం సరికాదు. ఎవరికి ఇవ్వనక్కరలేదో కూడా వారికి శ్రద్ధగానే నేర్పారు. నీతిపద్యాలు కంఠస్థమైన ఇళ్లలోనే ఇది సాగిందన్న వాస్తవాన్ని శతక సాహిత్య చరిత్ర విస్మరించరాదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మర్యాద బోధ రూపాలు మారుతూ వచ్చాయని, హద్దు విస్తరణ మాత్రం మందకొడిగా, అసమానంగా సాగిందని తెలుస్తున్నది. నేడు పిల్లలు బస్సులో, ఆసుపత్రి వరుసలో, గ్రంథాలయంలో తమ వరుసకు, కులానికి, ఊరికి చెందని మనుషుల మధ్య మెలగవలసి ఉంది. వారికి శతక పద్యాలు ఎంపిక చేసేటప్పుడు ధారణ సౌలభ్యం, భాషా సౌందర్యం మాత్రమే కొలమానాలు కారాదు. ఆ పద్యం ఎవరిని గౌరవించమంటున్నది, ఎవరిని విడిచిపెడుతున్నది అనే ప్రశ్న తప్పనిసరి. సుమతీ శతకం బాలునికి మంచి బుద్ధి ముందే ఉన్నదని నమ్మి పిలిచింది. ఆ నమ్మకాన్ని పల్లె మాండలికంతో బడికి వచ్చే పిల్లలకూ, ఆడపిల్లలకూ సమానంగా అందించడం నేటి పాఠ్యపుస్తక రచయితల బాధ్యత.