క్రీడాకారుల సంతకపు కార్డులు: విరాళ పద్ధతి

క్రీడాకారుని చిత్రము ముద్రింపబడిన చిన్న అట్టముక్కపై ఆ క్రీడాకారుడే స్వహస్తముతో సంతకము చేయగా, అందులకు అభిమాని యిచ్చు సొమ్ము ఆటగాని జేబులోనికి గాక అతడు పేర్కొనిన ఆసుపత్రికో, బాలల సంక్షేమనిధికో, కష్టదశలోనున్న పూర్వక్రీడాకారుల సహాయసంఘమునకో చేరునట్టి యేర్పాటును విరాళ సంతకపద్ధతి యనవచ్చును. ఇది ముఖ్యముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో, అందును బేస్‌బాల్ క్రీడ నాశ్రయించి పెరిగినది. చూచుటకు అల్పవిషయమే యైనను, ఒకనాడు కేవలము మర్యాదగా లభించిన సంతకము అంగటి సరకై, ఆ సరకే మరల దానమునకు సాధనమైన వైనము దీనియందు కానవచ్చును.

కార్డుల పుట్టుక పొగాకు వర్తకములో నున్నది. సిగరెట్టు పెట్టె నలిగిపోకుండ లోపల నుంచిన గట్టి అట్టముక్కపై బొమ్మ వేసినచో కొనువారి నాకర్షింపవచ్చునని పందొమ్మిదవ శతాబ్దపు వర్తకులు గ్రహించిరి. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలతో ఏబది కార్డుల వరుస వెలువరించెను. అమెరికాలో 1909 మొదలు 1911 వఱకు వెలువడి, తరువాతి కాలమున టీ-206 అని పిలువబడిన వరుస వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. అందు పిట్స్‌బర్గ్ జట్టువాడగు హోనస్ వాగ్నర్ తన బొమ్మను ముద్రించుటకు సమ్మతింపకపోవుటచే ఆ కార్డు కొలదిగా మాత్రమే వెలువడెను. బాలురు తన బొమ్మకై పొగాకు కొనుట యాతనికి రుచింపలేదని కొందఱును, ప్రతిఫలము విషయమున వచ్చిన పేచీయే కారణమని కొందఱును చెప్పుదురు. కారణ మేదైనను, ఆ యట్టముక్క వెల కాలక్రమమున లక్షల డాలర్లకు, అనగా కోట్ల రూపాయలకు నెగబ్రాకెను. బాల్టిమోరులోని నోటర్ డామ్ పాఠశాలా సన్యాసినుల సంఘమునకు ఒక దాత మరణశాసనము వలన సంక్రమించిన వాగ్నర్ కార్డు 2010లో వేలమున 2,62,000 డాలర్లు పలుకగా, అందు సంఘమునకు వచ్చిన ధనము వారి సేవాకార్యములకు వినియోగమాయెను. దానిపై సంతకము లేదు; అయినను కార్డునకును ధర్మకార్యమునకును గల పొత్తునకు దీనిని మించిన నిదర్శనము దొరకదు.

ఆ టీ-206 అను సంజ్ఞ యిచ్చినవాడు సిరాక్యూస్ నగరవాసి జెఫర్సన్ బర్డిక్. కీళ్ళవ్యాధితో బాధపడుచునే ఈతడు అమెరికా కార్డుల కన్నిటికిని వర్గసంఖ్యలు కల్పించి 1939లో పట్టికగా ప్రకటించెను. తాను కూర్చిన మూడు లక్షలకు పైబడిన ముద్రితపత్రములను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దానము చేసెను. అంతటితో నూరకుండక, సంవత్సరముల తరబడి ఆ మ్యూజియములో కూర్చుండి, వంకరపోయిన వ్రేళ్ళతో ఒక్కొక్క కార్డును ఆల్బములలో నంటించి, 1963 జనవరిలో పని ముగించి, రెండు నెలలకే మరణించెను. సేకరణమును వ్యసనమని యీసడించువారు ఈతని నొక్కమాఱు తలపోయుట మంచిది.

1930 ప్రాంతమునుండి పొగాకు స్థానమును చూయింగ్ గమ్ ఆక్రమించుటతో కార్డులు బాలుర సొత్తయ్యెను. టాప్స్ కంపెనీ 1952లో వెలువరించిన పెద్దకార్డుల వరుస ఆధునిక కార్డునకు ఒరవడి. మన దేశమున 1980, 1990 దశకములలో బబుల్‌గమ్‌తోబాటు వచ్చిన క్రికెట్ చీట్లకై బడిపిల్లలు పడిన పాట్లు తెలిసినవారికి ఆ కాలపు అమెరికా బాలుని యుత్సాహము వేఱుగా వర్ణింప నక్కఱలేదు. ఆ బాలుడు కార్డుతోబాటు తన చిరునామా వ్రాసి తపాలాబిళ్ళ యంటించిన తిరుగు కవరు నొకదానిని ఆటగానికి పంపెడివాడు. ఆటగాడు తీరిక చిక్కినప్పుడు సంతకము చేసి త్రిప్పి పంపెడివాడు. ఖర్చెల్ల రెండు తపాలాబిళ్ళలు. తరువాతి కాలమున జాక్ స్మాలింగ్ ప్రకటించిన బేస్‌బాల్ చిరునామాల పుస్తకము వంటివి ఈ తపాలా సేకరణమునకు పంచాంగములై యుపకరించినవి.

1970 తరువాత కార్డు పెట్టుబడి వస్తువయ్యెను. సేకర్తల జాతీయ సమ్మేళనము 1980లో లాస్ ఏంజెలిస్‌లో మొదటిసారి జరిగినది. ఊరూర కార్డుల సంతలు వెలసినవి. విశ్రాంత క్రీడాకారులు బల్లల ముందు కూర్చుండి సంతకమునకింత యని రొక్కము పుచ్చుకొనసాగిరి. వారిలో పెక్కురు స్వల్పజీతముల కాలమువారు గనుక వారిని తప్పుపట్టుట సబబు గాదు. కాని ఆ రొక్కము లెక్కలలోని కెక్కకపోవుట వేఱు సంగతి. పీట్ రోజ్ అను బేస్‌బాల్ ఆటగాడు 1990లో పన్ను నేరము నంగీకరించి అయిదు నెలలు కారాగారమున గడపెను. సంతకముల రాబడిని దాచుట యందలి యొక భాగము. 1995లో డ్యూక్ స్నైడర్, విల్లీ మెకోవీ అను లబ్ధప్రతిష్ఠు లిరువురు ఇట్టి నేరమునే యొప్పుకొనిరి. తపాలాలో పంపిన కార్డులపై ఉచితముగా సంతకము చేయించుకొని మఱునాడే యమ్ముకొను వ్యాపారులు సైతము బయలుదేరుటతో, ఎవరు అభిమానియో ఎవరు బేరగాడో తెలియని ఆటగాండ్రకు విసుగు పుట్టెను.

ఈ విసుగునుండియే విరాళపద్ధతి బలపడెను. సంతకము మానివేసినచో పసివాండ్రకు నిరాశ; ఉచితముగా నిచ్చినచో బేరగాండ్రకు లాభము; వెల గట్టినచో తనకు అపకీర్తి. విరాళ మడిగినచో ఈ మూడు చిక్కులును కొంతవఱకు తీరును. బేస్‌బాల్ లోకమునకు ధర్మకార్యము క్రొత్త గాదు. బోస్టన్‌లో శిశుక్యాన్సర్ చికిత్సకు మార్గదర్శియగు సిడ్నీ ఫార్బర్ వద్దనున్న పండ్రెండేండ్ల రోగి యొకడు, జిమ్మీ యను మాఱుపేరుతో 1948 మే 22వ తేదీన రేడియోలో మాటలాడుచుండగా, అతని యభిమాన జట్టగు బోస్టన్ బ్రేవ్స్ ఆటగాండ్రు ఒక్కరొక్కరే అతని మంచము చెంతకు వచ్చి పలుకరించిరి. అది విన్న శ్రోతలు పంపిన చందాలు 2,31,000 డాలర్లను మించినవి. జిమ్మీ నిధి యట్లు పుట్టినది. బ్రేవ్స్ జట్టు 1953లో మిల్వాకీకి తరలిపోగా బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు ఆ నిధి నాదుకొనెను. 1986లో వెలసిన బేస్‌బాల్ సహాయసంఘము ఆదాయము లేని పూర్వక్రీడాకారులకును వారి కుటుంబములకును తోడ్పడుటకు ఏర్పడినది. ఇట్టి నిధులు ముందే యుండుటచే, సంతకము కోరువారిని అటు మరలించుట ఆటగాండ్రకు సులభమాయెను. కొందఱు తమ పేరిటనే ధర్మసంస్థలను స్థాపించి, సంతకముల పనియంతయు సంస్థ కార్యాలయమున కప్పగించిరి.

తెలుగు పాఠకునకు ఇచట గాంధీజీ స్ఫురింపక మానడు. క్రీడాకారుడు గాకపోయినను, హస్తాక్షరమునకు విరాళము నియమముగా విధించిన ప్రసిద్ధులలో ఆయన ప్రథమగణ్యుడు. 1933-34లో ఆంధ్రదేశముతో సహా పెక్కు ప్రాంతములను చుట్టివచ్చిన హరిజనయాత్రా దినములలోను, అటుపిమ్మటను, ఆటోగ్రాఫు పుస్తకము చాచినవారిని అయిదు రూపాయలు హరిజన నిధికి చెల్లింపుమని యడుగుట ఆయన పరిపాటి. ఇంగ్లండులో కౌంటీ క్రికెట్ ఆటగానికి చిరకాలసేవకు ప్రతిగా ‘బెనిఫిట్’ సంవత్సరము కేటాయించి, సంతకములు చేసిన బ్యాట్లను వేలము వేయుట గలదు గాని, అందలి ధనము ఆ యాటగానికే చెందును. కావున అది ఈ కోవలోనిది గాదు.

విరాళ సంతకమును పొందు విధానమున కొంత శిల్పము గలదు. కార్డును మెత్తని ప్లాస్టిక్ తొడుగులో నుంచి, దానిని గట్టి పలకలో నిమిడ్చి, క్లుప్తమైన జాబును, తిరుగు కవరును, ధర్మసంస్థ పేరిట వ్రాసిన చెక్కును జతచేసి పంపవలెను. చెక్కు ఆటగాని పేర వ్రాయుట క్రొత్తవారు చేయు పొరపాటు. నిగనిగలాడు కార్డుపై సిరా నిలువక ముత్యములవలె విడిపోవును గనుక, అనుభవజ్ఞులు ముందుగా పసిపిల్లల పౌడరును పలుచగా రుద్ది నునుపు తగ్గింతురు. 1964లో వచ్చిన షార్పీ కలము ఈ రంగమున సర్వసామాన్యము. పాత గరుకుకార్డులకు మాత్రము నీలి బాల్‌పెన్ను మేలని పెక్కురి యభిప్రాయము. జవాబు వారములో రావచ్చును, ఏండ్లు పట్టవచ్చును. కొందఱు ఆటగాండ్రు సంతకము క్రింద కోరినవాని పేరును గూడ వ్రాయుదురు; అట్టి కార్డు అంగడిలో అంతగా పలుకదు గనుక నిజమైన అభిమాని దానికి సంతోషించును, బేరగాడు చిన్నబోవును. పాట్ నెషెక్ వంటి పిచర్లు (బంతి విసరు ఆటగాండ్రు) స్వయముగా సేకర్తలై, తోడి ఆటగాండ్ర సంతకములకై తామే తపాలాలో కార్డులు పంపుచుండుట ఈ రంగమునందలి ముచ్చట.

ప్రతివస్తువు గ్రహించి యిచ్చినది దానమగునా యను ప్రశ్నను మన ధర్మశాస్త్రకారులు చర్చించినట్లే అమెరికా పన్నుల శాసనకర్తలును చర్చించిరి. వారి తీర్పు లెక్కల తీర్పు: దాత యిచ్చిన మొత్తమునుండి అతడు పొందిన వస్తువు యొక్క అంగడి విలువను తీసివేయగా మిగిలినదే దానము. 1993 నాటి శాసనము ననుసరించి, ఇట్టి చెల్లింపు 75 డాలర్లను మించినచో, వస్తువు విలువ యెంతయో ధర్మసంస్థయే దాతకు వ్రాతమూలముగా తెలుపవలెను. నూఱు డాలర్లు పంపి నలువది డాలర్ల విలువగల సంతకమును పొందినవానికి అరువది డాలర్లకే పన్ను మినహాయింపు.

ఇంతలో కార్డుల కంపెనీలే సంతకములను పొట్లములలో పెట్టి విక్రయింప నారంభించినవి. 1990లో అప్పర్ డెక్ కంపెనీ బేస్‌బాల్ ఆటగాడు రెజీ జాక్సన్ సంతకము చేసి సంఖ్యలు వ్రాసిన 2,500 కార్డులను పొట్లములలో కలిపి పంపుట ఇందులకు నాంది. దీనితో విరాళ సంతకములు మూలబడవలసినదే. కాని కూటసంతకముల బెడద వాని గౌరవమును పెంచినది. 1990 దశకము చివర అమెరికా కేంద్ర నేరపరిశోధక శాఖ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ అను పేర జరిపిన దాడులలో పట్టుబడిన వస్తువులలో మదర్ థెరెసా సంతకమున్న బేస్‌బాల్ బంతి కూడ నుండెనన్నచో కూటకర్తల సాహసము తెలియగలదు. శాన్ డియాగో ఆటగాడు టోనీ గ్విన్ తన పేరిటి దొంగసంతకములు అమ్ముడుపోవుటను స్వయముగా గుర్తించెను. 2001లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సాక్షుల సమక్షమున సంతకము చేయించి మెఱుపు ముద్ర నంటించు పద్ధతి నెలకొల్పెను. ఆటగాని ధర్మసంస్థనుండి నేరుగా వచ్చిన కార్డునకు అంతటి ముద్ర లేకున్నను, వచ్చిన త్రోవ తెలియును గనుక సేకర్త దానిని నమ్మును. ఆ నమ్మకమును గుడ్డిగా నుంచరాదు: కార్యదర్శులు యజమాని సంతకమును అనుకరించుట, యంత్రముచే సంతకము చేయించుట ఈ లోకమున క్రొత్త గాదు. రెండు సంతకములు వెండ్రుకవాసి తేడా లేక సరిపోయినచో అవి మనుష్యహస్తము చేసినవి గావు.

ఇటీవల ఈ ప్రవాహము ఎదురు దిశకును మరలినది. ‘సిగ్నేచర్స్ ఫర్ సోల్జర్స్’ అను ప్రయత్నమున సేకర్తలే ఆటగాండ్రకు కార్డులు పంపి, ఉచితముగా సంతకములు పొంది, వానిని విక్రయించిన ధనమును మాజీసైనికుల సహాయార్థము ఇచ్చుచున్నారు. ఒకనాటి బేరగాని మార్గమే యిది, గమ్యము మాత్రము వేఱు. కోవిడ్ వ్యాధి ప్రబలిన 2020లో ‘ఆల్ ఇన్ ఛాలెంజ్’ పేర క్రీడాకారులును నటులును తమ వస్తువులను, తమ సాంగత్యమును సైతము వేలమునకు పెట్టి, ఆకలిగొన్నవారికై దాదాపు 6 కోట్ల డాలర్లు కూడబెట్టిరి. అంతటి హంగామా నడుమను పాత తపాలా పద్ధతి సాగుచునే యున్నది. వృద్ధులైన ఆటగాండ్రకు పంపిన కవరులు ఒక్కొక్కప్పుడు వారి మరణానంతరము చేరును. అట్టివానిని కుటుంబములవారు సంతకము లేని కార్డుతో, చెల్లింపని చెక్కుతో, పంపినవాడు ముందుగా నంటించిన తపాలాబిళ్ళతోనే త్రిప్పి పంపుట కలదు.