వేలు పట్టిన చెయ్యి

పంతులు నోటితో చెప్పిందే పాఠమని మన విద్యా చరిత్రలు రాసుకొచ్చాయి. ఆయన చేయి, చూపు, నిలబడే దూరం కూడా పాఠాలే. దళిత పిల్లలకు అక్షరాలకన్నా ముందు అందింది ఈ మాటలేని పాఠమే.

1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. మెప్పూ చేతి మీదే, శిక్షా చేతి మీదే. ఇట్లాంటి బడి ముట్టుకోకుండా నడవదు. మరి ముట్టరాదన్న పిల్లోడి వేలు ఎవరు పట్టి దిద్దిస్తారు? వాణ్ణి బయట ఉంచడానికి వేరే చట్టం అక్కర్లేకపోయింది.

మన ప్రాంతంలో ఈ దూరం మీద తగువు బడిలోనే వచ్చింది. 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ మొదట పైకులాల పిల్లలకు బడి పెట్టాడు. యర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు వచ్చేసరికి, వాళ్ళుంటే మా పిల్లల్ని పంపమన్నారు పైకులాలవాళ్ళు. క్లౌ మాదిగల పక్షాన నిలిచాడు. ఆ పిల్లలు బడి మానేశారు. తర్వాత పొదిలి, కంభం, మార్కాపురం వైపు పల్లెల్లో మాదిగ ఉపదేశకులే అయ్యవార్లయ్యారు. మాదిగ బిడ్డ వేలిని మాదిగ అయ్యవారు పట్టుకున్నాడు. మతం మార్పిడి లెక్కలు రాసినవాళ్ళు ఈ చిన్న సంగతిని పట్టించుకోలేదు. మనకు మాత్రం చరిత్ర ఇక్కడ మలుపు తిరిగింది.

బళ్ళోకి రానిచ్చినంత మాత్రాన దూరం పోదు. సతారాలో అంబేడ్కర్‌కు బడిలో చోటుంది, కానీ ఓ మూల గోనెపట్టా మీద. దాహమేస్తే నౌకరు వచ్చి కొళాయి తిప్పాలి. నౌకరు లేకపోతే నీళ్ళు లేవు. ఒక్క తిట్టు లేకుండానే కులం బోధించబడింది.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మంచిదే. అయితే బెత్తం కింద పెట్టిన చెయ్యి ఎవరి భుజం మీద పడుతోంది, ఎవరిని దాటిపోతోంది? ప్రశ్న అడిగేటప్పుడు చూపు ఏ వరుస దగ్గర ఆగుతోంది? చీపురు అందుకోమని వేలు ఎవరి వైపు లేస్తోంది? ఇవి ఏ రిజిస్టరులోనూ ఎక్కవు.

అందుకే కొనకనమిట్ల చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే మన టీచర్లకు, విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాం. పెద్దల దగ్గర కూర్చోండి. నీ వేలు పట్టి మొదటి అక్షరం దిద్దించిందెవరని అడగండి, రాసిపెట్టండి. రేపు తరగతిలో మీ చెయ్యి ఎటు పోతోందో కూడా గమనించుకోండి.