కాల్చేసిన జాబితా, కలిసి చదివిన లెక్క

ఇంటికి పంపించిన రోగి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడు? బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్‌ని జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఇది. ఆపరేషన్ చేసిన ప్రతి మనిషికీ ఆయన ఒక కార్డు రాసేవాడు. ఏ బాధతో వచ్చాడు, ఏ జబ్బనుకున్నాం, ఏం చేశాం, ఏది వికటించింది, డిశ్చార్జి నాటికి ఏం తేలింది, ఏడాది గడిచాక సంగతేమిటి. అంతే. చాకలి పద్దులాంటి ఆ చిన్న కార్డే ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

లెక్క రాసుకునే అలవాటు ఆయనకు చదువుకునే రోజుల్లోనే పట్టుబడింది. 1890లలో తోటి విద్యార్థి హార్వీ కుషింగ్‌తో ఒక పందెం వేసుకున్నాడు. ఈథర్ మత్తు ఎవరు బాగా ఇస్తే వాళ్లకు రెండోవాడు విందు ఇవ్వాలి. మత్తులో ఉన్న రోగి నాడినీ శ్వాసనీ కాగితం మీద గుర్తించే చార్టు ఆ ఇద్దరి చేతుల్లోనే రూపుదిద్దుకుంది.

1911లో కాడ్‌మన్ సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి తెరిచాడు. 1916 వరకు అక్కడినుంచి ఇంటికి వెళ్లినవాళ్లు 337 మంది. వాళ్ల వైద్యంలో జరిగిన పొరపాట్లు 123 అని తానే లెక్కగట్టి, అచ్చు వేయించి బయటపెట్టాడు. తన తప్పుల్ని ఇలా వరసగా విప్పి చూపిన సర్జన్ ఆ కాలంలో మరొకరు కనబడడం కష్టం. కానీ ఎదుటివాళ్లను కూడా ఆ కార్డు రాయమన్నప్పుడే చిక్కొచ్చింది. 1915 జనవరిలో, తాను అధ్యక్షత వహించిన వైద్యుల సభలో పెద్ద వ్యంగ్యచిత్రం ఆవిష్కరించాడు. ఇసుకలో తల దూర్చిన ఉష్ట్రపక్షి బంగారు గుడ్లను డాక్టర్ల వైపు తన్నుతోంది. ఆ పక్షి తామేనని నగరంలోని పెద్దమనుషులకు ఒళ్లు మండింది. అధ్యక్ష పదవి పోయింది, హార్వర్డ్‌లో బోధించే పని కూడా పోయింది.

ఆయన ఆలోచన మాత్రం పోలేదు. అమెరికన్ సర్జన్ల కాలేజీ పెద్ద ఆసుపత్రులకు కనీస ప్రమాణాలు పెట్టి తనిఖీ చేయించింది. చూసిన 692 ఆసుపత్రుల్లో నిలబడినవి 89. పేరుమోసినవి కూడా తప్పాయి. 1919 అక్టోబరులో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో, ఆ జాబితా పత్రికలకు చిక్కకూడదని నిర్వాహకులు దాన్ని అర్ధరాత్రి కొలిమిలో వేసి తగలబెట్టారు. పరువు పోతుందన్న భయం ముందు 692 ఆసుపత్రుల లెక్క బూడిదైంది. కాడ్‌మన్ 1940లో కన్నుమూశాడు. ఆయన సమాధికి ఫలకం పడింది 2014లో.

లోటు లెక్కల్లో లేదు. లెక్కను ముందేసుకుని భయం లేకుండా కూర్చునే బృందమే అప్పటికి లేదు. అలాంటి బృందం దశాబ్దాల తర్వాత ఈశాన్య అమెరికాలో కుదిరింది.

1986 నుంచి అమెరికా ప్రభుత్వం, ముఖ్యంగా వృద్ధుల కోసం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ కింద ఉన్న రోగుల మరణాల రేట్లను ఆసుపత్రుల పేర్లతో ప్రకటించసాగింది. గుండె సర్జన్లది పాత జవాబే: మా దగ్గరికి ముదిరిన కేసులే వస్తాయి. ఆ మాటలో నిజమెంతో తేల్చుకుందామని మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల్లో గుండె బైపాస్ ఆపరేషన్లు చేసే 5 ఆసుపత్రులు 1987లో ఒక్కటయ్యాయి. 3,055 ఆపరేషన్ల లెక్క తీశారు. సగటున నూటికి 4.3 మంది చనిపోయారు. ఆసుపత్రిని బట్టి అది 3.1 నుంచి 6.3 వరకు ఉంది. సర్జన్‌ని బట్టి చూస్తే 1.9 నుంచి 9.2. వయసు, జబ్బు తీవ్రత వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా చెరిగిపోలేదు. ముదిరిన కేసుల వాదన అక్కడితో ఆగింది.

ఎవరి మీదా వేలెత్తకుండా, తర్వాత వాళ్లు చేసిన పని గొప్పది. 1990, 91లలో ఒకరి ఆపరేషన్ థియేటర్‌కి ఒకరు వెళ్లారు. సర్జన్లొక్కరే కాదు, మత్తు డాక్టర్లు, నర్సులు, గుండె-ఊపిరితిత్తుల యంత్రం నడిపే పర్‌ఫ్యూజనిస్టులు కూడా. ఎవరి ఫలితాలు వారికి అందాయి, నాణ్యత పెంచే పద్ధతుల్లో శిక్షణ కూడా దొరికింది. ఆ తర్వాతి 6,488 ఆపరేషన్లలో, అనుకున్నదానికంటే 74 మరణాలు తగ్గాయి. అంటే 24 శాతం. మూడు రాష్ట్రాల్లోని 23 మంది గుండె సర్జన్లూ ఈ పనిలో ఉన్నారు.

తర్వాత ప్రశ్నలు ఇంకా సన్నబడ్డాయి. ఆపరేషన్‌కు ముందు ఆస్పిరిన్ ఆపేయాలా? ఆపకుండా వేసుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువని వాళ్ల లెక్కల్లో కనిపించింది. యంత్రంలో ముందుగా నింపే ద్రవం వల్ల రక్తం పలచబడుతుంది. మరీ పలచబడినవాళ్లలో మరణాలు ఎక్కువ. ఆ ముప్పు ఎక్కువగా పడింది ఆడవాళ్ల మీద, చిన్న శరీరం ఉన్నవాళ్ల మీద. ఆ సంగతి బయటపడడానికి సర్జన్ దగ్గరి వివరాలొక్కటే చాలలేదు. పంపు పక్కన పర్‌ఫ్యూజనిస్టు నమోదు చేసిన అంకెలు కూడా కావాల్సి వచ్చాయి.