గత్తర నుంచి ఓఆర్ఎస్ దాకా: తెలంగాణలో వాంతుల వైద్యం

వాంతులు, విరేచనాలతో మనిషిని ఒక్క పూటలోనే పీల్చేసే కలరాను చిట్యాల, జనగామ, మహబూబాబాద్ వైపు ఊళ్లలో గత్తర అంటారు. మందు తెలియని కాలంలో జనం పోచమ్మకు మొక్కుకున్నారు. 1813లో జంటనగరాల్లో గత్తర ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనిక డోలీ మోసే సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో అమ్మవారి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది.

కలరా క్రిమి వదిలే విషమే పేగులోకి నీటిని గుంజి పోయిస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే రుజువు చేశారు. ప్రాణం తీసేది ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడమే. గ్లూకోజ్ తోడుంటే పేగు ఉప్పునూ, దానివెంట నీటినీ పీల్చుకుంటుందని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు చాలకపోవడంతో వైద్యుడు దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్ ద్రావణం (ఓఆర్ఎస్) కలిపించి, కలరా రోగుల బంధువులచేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. వైద్యుడి చేతిలోని విద్య అమ్మ చేతికి రావడం ఇక్కడే మొదలైంది.

కడుపులో ఏమీ నిలవడం లేదని నీళ్లు మానిపిస్తే ముప్పు పెరుగుతుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున ఓఆర్ఎస్ పట్టాలి. గ్లాసెడు ఒక్కసారి తాగిస్తే మళ్లీ కక్కుతారు. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతిలో రక్తమో పసరో పడినా, మూత్రం తగ్గినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పేగు నుంచి మెదడుకు వెళ్లే సెరటోనిన్ సంకేతాన్ని అడ్డుకునే ఆన్‌డాన్‌సెట్రాన్ 1990ల నుంచి వాడుకలో ఉంది. వాంతిని ఆపుతుంది గానీ పోయిన నీటిని తేదు. అది ఓఆర్ఎస్ పనే, ఈ తేడా మరవకూడదు.

లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9: ఇది ఓఆర్ఎస్‌కు 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. చక్కెర మితిమీరితే విరేచనాలు ఎక్కువవుతాయి. అయినా తియ్యని పానీయాలు ఓఆర్ఎస్ పేరుతోనే మందుల షాపుల్లోకి వచ్చాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ వాటిపై ఏళ్ల తరబడి పోరాడి, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. ఈ కొలతకు సరిపడని పానీయాలపై ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది.