అరిగిన అంచు: చక్రమునకును ఇరుసునకును నడచిన వ్యాజ్యము

చక్రము ఒక ప్రక్క ఎక్కువగాను వేఱొక ప్రక్క తక్కువగాను అరుగుచున్నప్పుడు, ఆ దోషము చక్రమునకు తొడిగిన పట్టాదియా, లేక దానిని మోయుచున్న ఇరుసుదియా అను వివాదము మోటారు వాహనములతో పుట్టినది కాదు. రబ్బరు టైర్లు రాకమునుపే, గుఱ్ఱములు లాగు బరువు బండ్ల కాలమునందే, ఇంగ్లండు దేశమున అది పార్లమెంటు వఱకు పోయి, శాసనములకును, ఆ శాసనముల ఫలితమును ఖండించు గ్రంథములకును కారణమయ్యెను.

సుంకపు బాటలపై తిరుగు బరువు బండ్ల చక్రములు 9 అంగుళముల వెడల్పు కలవై యుండవలెనని 1753లో బ్రిటిష్ పార్లమెంటు విధించినది. సన్నని చక్రములు బాటను కోసి గాళ్లు పడజేయుచున్నవనియు, వెడల్పైన చక్రములు రోలర్లై నేలను అణచి చదును చేయుననియు శాసనకర్తల తలంపు. తలంపు మంచిదే, కాని వారు చక్రమును చూచిరే గాని ఇరుసును చూడలేదు. ఆనాటి బండ్లకు చక్రపు ఆకులు వాలుగా నాటబడి, ఇరుసు కొనలు క్రిందికి వంచబడి యుండెడివి. బరువు పడునట్టి క్రింది ఆకు నిట్టనిలువుగా నిలుచుటకై వడ్రంగులు తరతరములుగా చేయుచు వచ్చిన ఏర్పాటది. పట్టా సన్నముగా నున్నంతకాలము దానివలన హాని కనబడలేదు. 9 అంగుళముల పట్టా నేలకు పూర్తిగా ఆనవలెనన్నచో మాత్రము, ఒరిగిన చక్రపు అంచును ఒక వైపు పెద్దదిగాను మఱియొక వైపు చిన్నదిగాను, అనగా శంకువు ఆకృతిలో, మలచక తప్పినది కాదు.

ఎడింబరోలో జన్మించి లండనులో గడియారములు చేయుచు పేరుగాంచిన అలెగ్జాండర్ కమింగ్ ఈ శంకువు దోషమును 1797లో ప్రకటించిన గ్రంథమున విప్పి చెప్పెను. శంకువును నేలపై దొర్లించినచో అది తిన్నగా పోదు. తన కొన చుట్టును వలయముగా తిరుగును. అట్టిదానిని ఇరుసునకు కట్టి గుఱ్ఱములచే తిన్నగా లాగించినప్పుడు, ఒక్కొక్క చుట్టునకు పెద్ద అంచు ఎక్కువ దూరమును, చిన్న అంచు తక్కువ దూరమును పోవలసియుండగా రెండును ఒకే దూరము పోవుటచేత, పట్టా నేలపై దొర్లుటకు బదులు రాచుకొనుచు ఈడ్వబడును. ఆ రాపిడివలన బాటపై పఱచిన రాయి పిండియగును, ఇనుము అరుగును, గుఱ్ఱములు అలయును. బాటలను కాపాడుటకై పుట్టిన చక్రమే బాటలను నూఱుచుండెను. ఒరిగిన టైరు ఒక అంచున అరుగునని నేటి మెకానిక్కులు చెప్పునప్పుడు, క్యాంబర్ అని వారు పేర్కొను ఆ కోణము వెనుక నున్న సూత్రము ఇదియే. గడియారపు పనివానికి పట్టుబడిన ఈ సూక్ష్మము శాసనకర్తలకు అందకపోవుట నాకు వింతగా తోచదు. కంటికి కనబడునది అరుగుదల; దాని కారణము కనబడని కోణమున దాగియుండును.

మలుపులలోని రాపిడికి విరుగుడును గుఱ్ఱపు బండ్లవారే కనుగొనిరి. మ్యూనిక్ నగరమున బండ్లు చేయు లాంకెన్‌స్పెర్గర్ కల్పించినదియు, 1818లో లండనున రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేర పేటెంటు పొందినదియు అగు పద్ధతిలో, ముందు చక్రములు రెండును వేఱువేఱు కీళ్లపై తిరుగును. మలుపునకు లోపలి చక్రము వెలుపలి దానికన్న ఎక్కువ కోణమున తిరుగునట్లు జేయు ఆ ఏర్పాటు పిమ్మట మోటారు కార్లకు సంక్రమించినది.

గాలి టైరు చరిత్ర పాఠకులకు తెలిసినదే గనుక దానిని విస్తరింపను. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొంది, లండనులోని రీజెంట్స్ పార్కున ప్రదర్శించి, లోకము మఱచిపోయిన దానినే 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ మరల కనిపెట్టెను. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్–బోర్డో–పారిస్ పందెమున కారునకు గాలి టైర్లు తొడిగి నడపినప్పుడు వారి శ్రమ యంతయు పంక్చర్లతోనే సరిపోయినది. పగిలియో చిరిగియో అల్పకాలముననే చచ్చు టైరునకు ఏ అంచు ముందుగా అరిగినదని ఎవరు పరిశీలింతురు? నల్లని మసిపొడిని రబ్బరులో కలుపుట నేర్చి, టైరు ఆయువు ఎన్నో రెట్లు పెరిగిన పిదపనే ఇరుసు తప్పులు టైరుపై లిఖింపబడుటకు వ్యవధి చిక్కినది. అసమపు అరుగుదల దీర్ఘాయువు గల టైర్ల వ్యాధి.

ఈ వ్యాజ్యమున గొప్ప ఘట్టము 1923లో ఫైర్‌స్టోన్ వారు బెలూన్ టైర్లను అంగడికి తెచ్చుటతో ఆరంభమైనది. వెడల్పు పెంచి, గాలి ఒత్తిడిని దాదాపు సగమునకు దించిన ఆ మెత్తని టైర్లు కుదుపును తగ్గించినవి గాని, వానితో పాటు ముందు చక్రములు అటునిటు వడవడ వణకు షిమ్మీ అను క్రొత్త రోగము ప్రబలినది. నింద క్రొత్తగా వచ్చిన టైరుపైననే పడుట సహజము. కాని వేగముగా తిరుగుచున్న చక్రమును ఒరగజేసినచో అది ప్రక్కకు మళ్లజూచును. ముందు చక్రములు రెండును ఒకే దూలము వంటి ఇరుసునకు బిగింపబడి యుండుటచే, ఒక చక్రము మిట్టనెక్కినప్పుడు రెండును ఒరిగి, రెండును మళ్లుచుండెను. గట్టి టైర్లు అణచియుంచిన ఆ దోషమును మెత్తని టైర్లు బయటపెట్టినవి. గాలి టైరు ప్రక్కత్రోపునకు లోనైనప్పుడు తాను చూచు దిక్కునకు గాక కొంచెము వాలుగా నడచునని 1925లో ఫ్రాన్సున బ్రూలియే అను ఇంజనీరు వివరించెను. రోల్స్-రాయిస్‌లో పనిచేసి 1930లో అమెరికాలోని కాడిలాక్‌లో చేరిన మారిస్ ఓలే ఈ సమస్యను సస్పెన్షన్ వైపునుండి పట్టుకొనెను. ఆ కృషివలన 1934 నాటి జనరల్ మోటార్స్ కార్లకు ముందు చక్రములు దేనికది స్వతంత్రముగా లేచి దిగు సస్పెన్షన్ వచ్చినది.

అందు విష్‌బోన్ అను రకమున, చక్రమును పట్టు చేతులలో పైది పొట్టిగాను క్రిందిది పొడవుగాను ఉంచుట గమనింపదగినది. రెండును సమానమైనచో, చక్రము లేచి దిగినప్పుడెల్ల ప్రక్కకు జరిగి టైరును నేలపై రాచును. టైరు అరుగుదలయే సస్పెన్షన్ చేతుల పొడవును నిర్ణయింపసాగెనని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు. కీళ్లు పెరిగినకొలది వదులగు చోట్లును పెరిగినవి, చక్రముల కోణములను సరిదిద్దు అలైన్‌మెంటు నిత్యకృత్యమైనది.

దివాలా తీసిన సిట్రోయెన్ సంస్థను అప్పు పెట్టిన మిషెలిన్ వారు స్వాధీనము చేసికొనుటచే, టైరు చేయువారును కారు చేయువారును ఒకే యింటివారైరి. 1949లో వెలువడిన మిషెలిన్ ఎక్స్ అను రేడియల్ టైరు ఆ యింటిదే. దాని నేలకు ఆను పైపొర క్రింద ఉక్కు తీగల పట్టీ యుండుటచేత నేలపై పొరలాట తగ్గి, టైరు చిరకాలము మన్నును. అంతకాలము మన్నుటచేతనే స్వల్పమగు కోణదోషము సైతము దానిపై స్పష్టముగా తేలును.

మన దేశమున ఆ యింటివారివలె ఎవరును కలసి యుండలేదు. విజయవాడ ఆటోనగరునందు టైర్లకు రీట్రేడింగ్ చేయువారు వేఱు, కమాను కట్టలు బాగుచేయువారు వేఱు. టైరు ఒక ప్రక్క తినేస్తున్నదని బండివాడు మొఱపెట్టుకొన్నప్పుడు, ఒకరు ఇరుసును, ఒకరు టైరును చూపుట వాడుక. మన లారీలకు నేటికిని ముందు ఇరుసు దూలమే. చక్రము మళ్లుటకు కీలగు కింగ్‌పిన్ వదులైనచో ఆ సంగతి తొలుత టైరు అంచే చెప్పును. అంబాసిడర్ కారు ముందు టోర్షన్ బార్ కుంగినచో చక్రపు కోణము మాఱి టైరు అరుగుదల చెడును.

ఇన్నూఱేండ్లకు పైబడిన ఈ వ్యాజ్యమున నా తీర్పు టైరు పక్షముననే యున్నది. లోపలి పట్టీ ఊడుట వంటి సొంత దోషములు దానికి లేకపోలేదు గాని అవి అరుదు. రెండంచులును అరిగినచో గాలి తక్కువ, నడుమ అరిగినచో గాలి ఎక్కువ. ఈ రెండును యజమాని అశ్రద్ధలే. ఒక్క అంచే అరిగినచో చక్రపు ఒరుగుదలను, అరచేతితో అడ్డముగా నిమిరినప్పుడు ఒక దిక్కున నునుపుగాను మఱియొక దిక్కున ఱంపపు పండ్లుగాను తగిలినచో చక్రముల దిశను, అక్కడక్కడ గుంటలు పడినచో షాక్ అబ్జార్బర్లను, చక్రపు బ్యాలెన్సును అనుమానింపవలెను. కావున పాఠకులారా, క్రొత్త టైరు కొనుటకు ముందు పాతదానిని చేతితో నిమిరి చూడుడు. అలైన్‌మెంటు చేయించుటకు ముందు బుష్షులను, బాల్ జాయింట్లను పరీక్షింపజేయుడు. కీళ్లు వదులుగా నుండగా చేసిన అలైన్‌మెంటు నిలువదు.