పన్నెండు అణాల కూలి, నాలుగు అణాల తిండి

మన పూర్వులు ఫిజీకి ఎందుకు వచ్చారని పిల్లలు అడిగితే "ఇక్కడ కూలి ఎక్కువ, అందుకే" అని చెబుతూ ఉంటాము. ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ కూలికి ఎంత తిండి వచ్చేదో కూడా చూడాలి.

మద్రాసు నుండి మనవారిని 1903 మొదలు 1916 వరకు ఓడలు ఎక్కించారు. గిర్మిట్ కాగితంలో మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు అని ఉండేది. షిల్లింగు అంటే సుమారు పన్నెండు అణాలని కూడా అందులోనే వ్రాశారు. ఆ రోజుల్లో విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో చాలా చోట్ల కూలికి ధాన్యమే కొలిచేవారు. డబ్బు ఇచ్చినా కొన్ని అణాలే. పన్నెండు అణాలంటే ఎవరికి ఆశ పుట్టదు?

అదే కాగితంలో ఇంకొక షరతు ఉంది. మొదటి ఆరు నెలలు తోటవారే రేషన్ ఇస్తారు, దానికి రోజుకు నాలుగు పెన్నీలు, అనగా నాలుగు అణాలు. ఊరిలో అయితే నాలుగు అణాలు చాలామందికి రోజు కూలి కంటే ఎక్కువ. ఇక్కడ అది ఒక మనిషికి ఒక రోజు తిండి ఖర్చు! షిల్లింగును అణాలలోకి మార్చి చెప్పారు గాని, అణాకు ఇక్కడ ఎంత బియ్యం వస్తుందో చెప్పలేదు.

మేము వారం లెక్క వేసి చూశాము. పని ఐదు రోజులు తొమ్మిదేసి గంటలు, శనివారం ఐదు గంటలు. ఆ గంటల ప్రకారం మగవారికి వారానికి దాదాపు 67 పెన్నీలు, ఆడవారికి 50. తిండి మాత్రం ఏడు రోజులూ తినాలి కదా, అది 28 పెన్నీలు. మగవారికి 39 మిగులుతాయి, ఆడవారికి 22 మాత్రమే. అంటే మన అవ్వల కూలిలో సగానికి పైగా వారి కడుపుకే సరి. ఇదైనా ఇచ్చిన టాస్కు పూర్తి చేసినప్పటి మాట. జ్వరంతో లైనులో పడుకున్న రోజున కూలి లేదు, ఆకలి మాత్రం ఉంది. వారు ఇంటికి పంపిన డబ్బు కడుపు కట్టుకొని కూడబెట్టినదేనని మా నమ్మకం.

1879లో మొదటి ఓడ వచ్చిననాటి షిల్లింగే 1916లో చివరి ఓడవారికి కూడా ఇచ్చారు. యుద్ధకాలంలో ధరలు పెరిగాయి. 1920 జనవరి 1న గిర్మిట్లు రద్దయ్యాయి. ఆ నెలలోనే సువాలో ప్రభుత్వ పనుల శాఖ కూలీలు సమ్మె కట్టారు. రోజుకు రెండు షిల్లింగులు చాలవు, ఐదు కావాలన్నారు. న్యాయవాది మణిలాల్ గారి భార్య ఆడవారిని కూడగట్టి సభలు జరిపారు. ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకు వస్తాయో లెక్క తెలిసినది వారికే మరి.