రెండు నూళ్ళ వాటం: గుడియాత్తం పెరళ్ళలో బండపరుపు మాటలు

పెరట్లో బండలు పరిపించేటప్పుడు మన పక్క మేస్త్రి మాట కొంచెం చెవిపెట్టి వినండి. "అడుగుకు రెండు నూలు వాటం ఇచ్చుండా అన్నా, ఆడ నీళ్ళు నిలవవు." నూలంటే ఇక్కడ దారం కాదు, అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే ఇంటిగోడ నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం వాలు. పదడుగుల పెరడైతే ఆ కొసకు రెండున్నర అంగుళాలు దిగాల. అరవ మేస్త్రి కూడా నూల్, వాట్టం అనే అంటాడు. ఎవరి మాట ఎవరు తీసుకున్నారని కొట్లాడేవాళ్ళు ఉండారు. నాకైతే అది పనికిమాలిన కొట్లాట. ఒకే సారవ మీద నిలబడి పనిచేసినవాళ్ళ మాటలు ఇవి.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఇదంతా ఉత్తర ఆర్కాడు జిల్లానే, దానికి కేంద్రం చిత్తూరే. ఆ తర్వాత చిత్తూరు, పలమనేరు అటు పోయినాయి. రాయవేలూరు, గుడియాత్తం ఇటు నిలిచినాయి. కౌండిన్య ఏరు మాత్రం పలమనేరు పక్క నుంచి ఇటే దిగుతా ఉంది. పనోళ్ళ మాటలూ అట్లే దిగినాయి. ఈ సీమలో రాతిపని, మట్టిపని చేసినవాళ్ళలో తెలుగు మాట్లాడే ఒడ్డెవాళ్ళు ముఖ్యులు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో కల్లొడ్డెలు, మన్నొడ్డెలు అని వాళ్ళలో రెండు విభాగాలు కనిపిస్తాయి. పెరటి పనికి ఇద్దరి పనీ కావాల్సిందే. కింద మన్ను సరిగా లేకుంటే పైన ఎంత మంచి బండైనా ఊగుతుంది.

నల్లమన్ను వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే దాన్ని తవ్విపోసి, నాలుగంగుళాల గరుసు రెండు వరసలుగా పోసి, ఒక్కో వరసా తడిపి దిమ్మిస కొట్టాల. అరవంలో దీన్నే తిమిసు అంటారు. దానిపైన అంగుళం ఇసక, ఆపైన బండ. వాటం బండ పరిచేటప్పుడు కాదు, గరుసు పోసేటప్పుడే రావాల. నీళ్ళు చేరే కొసన జలదారి. ఈ మాట అరవంలోనూ జలదారైగా ఉంది. రాయలసీమలో మటుకు పాత్రలు తోమే, నీళ్ళు పోసుకునే చోటికీ ఇదే పేరు. వేలూరు కోట అగడ్తకు భూమి లోపలి కాలువతో నీళ్ళిచ్చిన చెరువు పేరు సూర్యగుంట. ఆ 'గుంట' ఎవరిదో చెప్పనక్కర్లేదు కదా!

ఇప్పుడు పిల్లలు "కొంచెం స్లోప్ పెట్టు" అంటారు. కొంచెమంటే ఎంత? 'రెండు నూలు'లో లెక్క ఉంది, 'స్లోప్'లో లేదు. లెక్క లేని పెరట్లో ఐప్పసి, కార్తీక వానల నీళ్ళు గోడకే తిరుక్కుంటాయి. 2021 నవంబరు 19న పేర్ణాంబట్టులో వానకు ఇల్లు కూలి తొమ్మిదిమంది పోయినారు. దానికి కారణం పెరడని నేననను. అయితే నానిన గోడంటే ఏందో ఈ పక్కవాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు. బండ పరిచినాక బిందెడు నీళ్ళు గోడ మొదట్లో పోసి చూడండి. జలదారి దాకా నిలవకుండా పోతే మేస్త్రికి కూలీ ఇవ్వచ్చు.